చెక్క పిస్తోలు, తోలు ఒర

తంగేడు చెక్క నానిన నీళ్లకు ఒక వాసన ఉండేది. కంపు అని ఒక్క మాటలో తేల్చేసినవాళ్లు అబద్ధమాడారని నేననను. మా వాడ మొదట్లోకి రాకముందే పైపంచె ముక్కుకు అడ్డం పెట్టుకున్న పెద్దమనుషులకు అది కంపే. అందులో పుట్టి పెరిగిన ముక్కుకు మాత్రం తేడాలు తెలుస్తాయి. సున్నపు గోలెంలో నానుతున్న పచ్చితోలుది గొంతు పట్టేసే ఘాటు, వెంట్రుకలు గీకి కడిగి ఆరేసిన తోలుది నీచు, తంగేడు చెక్కా కరక్కాయలూ దంచి కలిపిన లందలో వారాల తరబడి ఊరి, బయటికొచ్చిన తోలుది వగరూ తీపీ కలిసిన వేరే వాసన, దాని మీద ఆముదం పడ్డాక ఇంకొకటి. ఇంటి వెనక చింతకొమ్మకు, సంచీగా కుట్టిన తోలు ఒకటి ఎప్పుడూ వేలాడుతుండేది. దాని కడుపు నిండా దంచిన చెక్క, పైనుంచి పోసిన నీళ్లు. ఆ నీళ్లు తోలు గుండా చెమర్చి బొట్టు బొట్టుగా కింది గోలెంలోకి కారేవి, కారిన ఎర్రనీళ్లను మా అవ్వ ముంతతో తోడి మళ్లీ పైనుంచి పోసేది. పొద్దున ఒకసారి, వంట పొయ్యి వెలిగించేముందు ఒకసారి. ఆమె చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉండేవి, చచ్చేదాకా అట్లాగే ఉన్నాయి.

ఆ తంగేడే భాద్రపదం చివర్లో పచ్చగా పూస్తే ఆ పూలను బతుకమ్మలో పేరుస్తారు కదా, ఇప్పుడు తెలంగాణకు అది రాష్ట్ర పుష్పం కూడా. పువ్వు కోసుకోవడానికి ఊరి ఆడపిల్లలు ఏ చెలకలకు పోయేవాళ్లో, చెక్క కోసం మా వాళ్లూ ఆ చెలకలకే పోయేవాళ్లు, పొద్దు వేరు, అంతే. ఇది మా ఊరి సంగతొక్కటే కాదు. మద్రాసు రేవు నుంచి లండనుకు ఓడలెక్కిన తోళ్లు ఒకప్పుడు ఎక్కువగా ఈ తంగేడు చెక్కతో పదును చేసినవే, మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికుల బూట్ల పైతోలుకు అవి వాడారు. తర్వాత దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ చెక్క దిగింది, తంగేడుకు పట్నంలో గిరాకీ తగ్గింది. పల్లెల్లో దాన్ని ఇంకొన్నాళ్లు మేం కొట్టుకున్నాం.

తాత పనిముట్లన్నీ ఒక గోనెసంచీలో పట్టేవి. తోలు కోసే రంపె, దాని అంచు సగం అరిగి వంకర తిరిగింది, ఆరెలు రెండు, ఒకటి సూటిది, ఒకటి మొనకు కొక్కెం ఉన్నది, చింతమొద్దు ఒకటి, దానిమీద కొట్టడానికి గూటం, అంచులు రుద్దడానికి బర్రెకొమ్ము ముక్క, మైనపు ఉండ, ఆముదం మరకలతో నల్లబడ్డ కొబ్బరిచిప్ప, పళ్లు సగం ఊడిన దువ్వెన. దువ్వెన ఎందుకంటే, కుట్టు వచ్చే చోట తడితోలు మీద దాన్ని అదిమితే చుక్కలు సమాన దూరంలో పడేవి, ఆ చుక్కల వెంబడి ఆరె దించుకుంటూ పోవడమే. టేపు లేదు, స్కేలు లేదు. జానెడు, బెత్తెడు, బొటనవేలి కణుపు. రంపె మొద్దుబారితే బండరాయి మీద నూరి, ఆ తర్వాత తన చెప్పు అట్ట మీదే నాలుగుసార్లు అటూ ఇటూ గుంజేవాడు.

ఆ సంచీలోంచే ఊరి వ్యవసాయం సగం బయటికొచ్చేది, ఈ మాట ఊరికే అనడం లేదు. మోటకు తొండం, కాడికి వార్లు, ఎద్దులకు పలుపులు, మెడపట్టీలు, చర్నాకోలలు, కమ్మరి కొలిమికి తిత్తి, పెళ్లికీ చావుకూ జాతరకూ డప్పు, అందరి కాళ్లకూ చెప్పులు. డప్పు మీద తోలు అతికించడానికి చింతగింజల పిండి ఉడికించిన జిగురు వాడేవాళ్లు, ఆ ఉడుకుతున్న వాసన నాకు ఆకలి పుట్టించేది, ఎందుకో తెలియదు. ఇంత పనికీ కూలి కళ్లం దగ్గర తూర్పారబట్టిన రోజున కొలిచే మేర గింజలు. ఆ గింజలు కూడా నేల మీద పోసి పక్కకు జరిగితే మావాళ్లు ఎత్తుకునేవాళ్లు. చచ్చిన గొడ్డును ఈడ్చుకుపోవడం మా బాధ్యత, దాని తోలు మా హక్కు అనేవాళ్లు; ఆ హక్కుతో తోలు తీసి, పదును చేసి, కుట్టిన చెప్పులు తొడుక్కుని గడీ ముందు నుంచి నడిచే హక్కు మాత్రం మాకు లేదు. అందుకే పాత ఊరు, మంచి రోజులు అని ఎవరైనా మొదలుపెడితే నేను మాట మారుస్తాను.

ఇంతకీ ఒర గురించి చెప్పాలనుకున్నాను.

1960కి అటూ ఇటూ అనుకుంటా, గడీ నుంచి జీతగాడు వచ్చి తాతను పిలుచుకుపోయాడు, వెనకాలే నేనూ పోయాను. దొర దగ్గర లైసెన్సు పిస్తోలు ఒకటి ఉండేది. దానితోపాటు వచ్చిన ఒర కాన్పూరుదట. కాన్పూరులో 1860ల్లోనే సైన్యానికి గుర్రపు జీన్లూ తోలు సామాన్లూ కుట్టే సర్కారు కార్ఖానా పెట్టారు కాబట్టి ఆ ఊరి తోలుసరుకు అంటే పటేళ్లకూ దొరలకూ గొప్పే. ఆ ఒర రెండు మూడు వానకాలాలు పెట్టెలో బూజు పట్టి, కుట్లు పిగిలిపోయింది. "ఏరా, గిసొంటిది కుడ్తవా?" అన్నాడు దొర అరుగు మీంచే. "కుడ్త, నీ బాంచెన్. ఒక్క పూట ఆ సామాను నా దగ్గరుంటే కొలతకు..." అని తాత సగంలో ఆగాడు, ఎందుకంటే దొర అప్పటికే నవ్వడం మొదలుపెట్టాడు. దొరల మీద రైతులు తిరగబడ్డ సంఘం రోజులు ముగిసి పదేళ్లు కూడా నిండలేదు. ఆ రోజుల్లో గడీ విడిచి పట్నంలో తలదాచుకుని, పోలీసు చర్య తర్వాత తిరిగొచ్చిన మనిషి ఆయన. పిస్తోలు మాదిగవాడికి ఇవ్వకపోవడంలో అంటు ఎంతో, భయం ఎంతో ఇప్పటికీ నేను విడదీసి చెప్పలేను.

కొలత కోసం వడ్లాయన్ను పిలిపించారు. ఆయన అరుగు అంచున కూర్చుని, పిస్తోలును దొర చేతుల్లో ఉండగానే అటూ ఇటూ తిప్పించి చూసి, వేపచెక్కతో అచ్చం అలాంటిదే చెక్కిచ్చాడు, గొట్టం, పిడి, గుండ్ల చక్రం ఉబ్బుతో సహా. చిత్రమేమిటంటే ఆ అవమానం తోలుపనికి మేలే చేసింది. తడితోలును నిజం తుపాకి మీద చుట్టి ఆరబెడితే ఇనుము తుప్పు పడుతుంది, దానికి నూనె గుడ్డలు చుట్టాలి, ఇంకా ఎన్నో జాగ్రత్తలు తీసుకోవాలి. వేపచెక్కకు అవేమీ అక్కర్లేదు. రెండు రోజులైనా మూడు రోజులైనా తోలు దాని మీదే ఆరొచ్చు.

తాత ముందు తోలు ఎంచుకోవడం దగ్గర చాలాసేపు గడిపాడు. ఎద్దు తోలులో వెన్నుపట్టు బిగువుగా ఉంటుంది, పొట్ట దగ్గరిది సాగుతుంది, మెడ దగ్గరిది ముడతలు పడుతుంది. ఒరకు సాగే తోలు పనికిరాదు, బరువు పడ్డకొద్దీ నోరు తెరుచుకుంటుంది. వెన్నుపట్టులో ఒక మూల తీసుకుని, వంచి, వంగినచోట పడ్డ గీతలు సన్నంగా ఉన్నాయా గరుకుగా ఉన్నాయా చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని, చివరికి నాలుక కొసతో కూడా తాకి పక్కన పెట్టాడు. గడీలో పారేసిన పాత పేపరు ఒకటి ఉండేది మా ఇంట్లో, చదవడానికి కాదు, మా ఇంట్లో అప్పటికి ఎవరికీ చదువు రాదు. ఆ పేపరును చెక్క పిస్తోలు చుట్టూ మడిచి, వేళ్లతో నొక్కి, నొక్కినచోట బొగ్గుతో గీసి, కుట్టుకూ మందానికీ చుట్టూ ఒక వేలెడు వదిలి కత్తిరించాడు. ఆ ఆకారాన్ని తోలు మీద పెట్టి ఆరె మొనతో చుట్టూ గీత లాగి, చింతమొద్దు మీద పెట్టి రంపెతో కోశాడు. కోత ఒక్క ఊపులో రావాలి. మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెడితే అంచు మీద పల్లు పడుతుంది, ఆ పల్లు ఎంత రుద్దినా పోదు.

తర్వాత నీళ్లు. కోసిన తోలును కుండలో ముంచితే దాన్లోంచి గాలి బుడగలు పైకి లేచాయి. బుడగలు ఆగేదాకా కదలొద్దని నాకు కాపలా పని. ఆగాక తీసి, నీళ్లు పిండకుండా కారనిచ్చి, పైతేమ కాస్త పీల్చుకున్నాక చెక్క పిస్తోలు మీద మడిచి బొటనవేళ్లతో ఒత్తడం మొదలుపెట్టాడు. ఇది నేను దగ్గరగా చూశాను కాబట్టి చెప్పగలను: మొదట తోలు ఎదురుతిరుగుతుంది, ఒత్తినచోట లోతు పడి, వేలు తీయగానే పైకి లేస్తుంది, పావుగంట ఒత్తాక ఎక్కడో ఒకచోట లొంగుతుంది, ఆ చోటు నుంచి అటూ ఇటూ పాకుతుంది, అప్పుడు కొమ్ము ముక్క అందుకుని, గుండ్ల చక్రం ఉబ్బు చుట్టూ, గొట్టం పొడవునా, పిడి మొదలు దగ్గర గీతలు తీసినట్టు రుద్దుతాడు. చూస్తుండగానే తోలు లోపలి నుంచి పిస్తోలు పైకి తేలింది. నీడలో ఆరబెట్టాడు, ఎండలో పెడితే పెళుసెక్కి పగులుతుంది. ఆరిన తర్వాత చెక్కను బయటికి లాగితే ఒర ఆకారం చెడకుండా గట్టిగా నిలబడింది, వేలితో కొడితే టకటకమంది.

కుట్టు దగ్గరకొచ్చేసరికి తాత అలవాటుగా వారుతో కుట్టలేదు, చెప్పులైతే సన్నటి తోలువారుతోనే కుట్టేవాడు. దీనికి జనుమును తొడ మీద పేని, రెండు పేటలు కలిపి, మైనం పట్టించి దారం చేశాడు. రెండు కొసలకూ రెండు సూదులు. పనిని మోకాళ్ల మధ్య ఇరికించి, కింది కొసను కాలివేళ్ల సందులో పట్టి, ఆరెతో ఒక బెజ్జం పొడిచి, ఎడమవైపు నుంచి ఒక సూది, కుడివైపు నుంచి ఒక సూది అదే బెజ్జంలోంచి ఎదురెదురుగా దాటించి, రెండు చేతులూ బార్లా చాపి గుంజేవాడు. ఈ కుట్టులో ఒకవైపు దారం తెగినా రెండోది పట్టుకుని ఉంటుంది. మిషను కుట్టు ఒకచోట తెగితే అక్కణ్నుంచి వరసగా ఊడిపోతుంది. రెండు తోలు పొరల మధ్య, కుట్టు వెంబడి, సన్నటి తోలు పట్టీ ఇంకొకటి పెట్టాడు, గొట్టం అంచు లోపల ఒరుసుకున్నా దారానికి తగలకుండా. అడుగున చిన్న రంధ్రం వదిలాడు, నీళ్లు పడితే కారిపోవడానికి. అంచుల్ని తడిపి కొమ్ముతో రుద్దాడు, మూడు పొరలు ఎక్కడ కలిశాయో కనబడనంతగా.

దొర నల్లరంగు కావాలన్నాడు. కమ్మరి దగ్గర ఏరుకొచ్చిన ఇనుప ముక్కలు పులిసిన గంజిలో వేసి, ఆ కుండను ముందే ఒక మూల పెట్టి ఉంచాడు తాత. ఆ తేట నీళ్లలో గుడ్డ ముంచి తోలు మీద రాయగానే, తంగేడూ కరక్కాయా తాగిన తోలు కళ్ల ముందే నల్లబడింది. శ్రీకాళహస్తిలో కలంకారీవాళ్లు కరక్కాయ నీళ్లలో ముంచిన బట్ట మీద, తుప్పు ఇనుమూ బెల్లమూ పులియబెట్టిన నీళ్లతో నల్లగీతలు గీస్తారని చాలా ఏళ్ల తర్వాత ఒక ప్రదర్శనలో విన్నాను, విని అక్కడే కొంచెంసేపు నిలబడిపోయాను. ఒకటే విద్య. బట్ట మీద అది కళ, తోలు మీద కులం. చివరగా ఆముదం, అదీ చెప్పులకు పట్టించినంత కాదు, అరచేతికి రాసుకుని ఆ చేత్తో ఒకసారి తుడిచినంత. నల్లగొండ చెలకల్లో ఆముదాలకు కొదవలేదు గాని ఒరకు ఎక్కువైతే మెత్తబడి అచ్చు పోతుంది.

దొరకు నచ్చింది. కూలి ఇవ్వలేదు. 1950లో అమల్లోకొచ్చిన రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది, ఆ సంగతి గడీలో వాళ్లకు తెలిసే ఉంటుంది, మాకు తెలియదు. కొన్ని నెలల తర్వాత పిలిపించి తిట్టాడు కూడా, పిస్తోలుకు తుప్పు పట్టిందని. చెక్కనీళ్లతో పదును చేసిన తోలులో ఇనుమును నెలల తరబడి ఉంచితే తుప్పు పట్టకేం చేస్తుంది, కుట్టినవాడు కాన్పూరువాడైనా మా తాతైనా; ఒర నడుముకు కట్టుకునేటందుకే, తుపాకి దాచుకునేటందుకు కాదు. ఈ మాట తాత ఇంటికొచ్చాక చెప్పాడు, అవ్వకు. చెక్క పిస్తోలు మా ఇంట్లోనే ఉండిపోయింది. పిల్లలమంతా దానితో దొరా దొంగా ఆటలాడాం, ఒక ముసురులో పొయ్యిలోకి ఎండుకట్టె దొరక్కపోతే అదీ పోయింది.

తర్వాతివన్నీ చప్పుడు లేకుండా జరిగాయి. బావుల మీద ఆయిలింజన్లు, వాటి వెనకాలే కరెంటు మోటార్లు వచ్చాయి, గిరక మీద మోకు కదిలే మోత ఆగిపోయింది, తొండం కుట్టే పని ఆగిపోయింది. ఎద్దులకు ఆ శ్రమ తప్పిందని మోట కొట్టే కుర్రాళ్లు సంతోషించారు, తమకు తప్పిందని అంతకన్నా ఎక్కువ సంతోషించారు. టైరు చెప్పులొచ్చాయి, ఆ తర్వాత హవాయి చెప్పులు. ముల్లు దిగదని, వానకు నానదని అందరికంటే ముందు కొనుక్కున్నది మా వాడవాళ్లే. పలుపులకు నైలాను తాడు, డప్పుకు ప్లాస్టిక్ పొర. చచ్చిన గొడ్లను పట్నం వ్యాపారులు కొనుక్కుని, ఉప్పు చల్లి లారీలో వేసుకుపోవడం మొదలుపెట్టారు. అక్కడ క్రోమియం లవణాలతో ఒక్క రోజులో తేలిపోయే పనికి, ఇక్కడ అవ్వ ముంత పట్టుకుని వారాల తరబడి నిలబడడం ఎవరికైనా పిచ్చిపనే. క్రోమియం తోలు మెత్తన, నీళ్లకు ఓర్చుకుంటుంది, రంగులు బాగా పడతాయి. చెక్క అచ్చు మీద ఒత్తితే మాత్రం ఆ ఆకారం నిలుపుకోదు. తమిళనాడు రాణిపేట చుట్టుపక్కల భూగర్భజలాలు క్రోమియంతో ఎలా పాడయ్యాయో చదివాను. మా లంద పక్కన బావి నీళ్లు ఎలా ఉండేవో కూడా నాకు గుర్తుంది కాబట్టి ఒకటి పుణ్యం, ఒకటి పాపం అనలేను.

మా నాయిన లందను తన చేతులతో పూడ్చాడు. తాత బతికుండగానే, ఆయన అరుగు మీద కూర్చుని చూస్తుండగానే. నాయినకు ఆ పని మీద ఉన్న అసహ్యంలో నాకు ఏ తప్పూ కనిపించలేదు. బడిలో నా పక్కన కూర్చున్నవాడు జరిగి కూర్చున్నప్పుడు నేను ఇంటికొచ్చి బొబ్బలెక్కేదాకా చేతులు రాయికి రుద్దుకున్నది ఆయన చూశాడు. నేను హాస్టలుకు పోయాను, చదివాను, ఉద్యోగం చేశాను, రిటైరయ్యాను. రంపె పట్టుకోవడం నాకు తాత నేర్పలేదు, నేను అడగలేదు, అడిగితే నాయిన ఊరుకునేవాడు కాదు. ముగ్గురిలో ఎవరిదీ పొరపాటని ఇప్పటికీ అనుకోను. పోవాల్సినదాంతోపాటు పోనవసరం లేనిది కూడా పోయింది, రెండిటినీ విడివిడిగా మూట కట్టే తీరిక అప్పుడు ఎవరికుంది?

పోవాల్సింది కూడా పూర్తిగా పోలేదులెండి. 2016 ఆగస్టులో అమలాపురంలో కరెంటు షాకుతో చచ్చిన ఆవు తోలు తీస్తున్న ఇద్దరు అన్నదమ్ముల్ని చెట్టుకు కట్టి కొట్టారు. తరతరాలుగా మీరే చెయ్యాలని ఏ పనిని మెడకు చుట్టారో ఆ పని చేసినందుకు. ఇంకోవైపు 2025 జూన్‌లో మిలాన్‌లో ప్రాడా కంపెనీ ఫ్యాషన్ షోలో కొల్హాపురీల్లాంటి చెప్పులు నడిచాయి, గొడవయ్యాక వాళ్లు ఆ చెప్పుల మూలం ఇండియా అని ఒప్పుకున్నారు. ఆ ఫోటో ఎవరో వాట్సప్‌లో పంపితే పెద్దది చేసి కుట్టు చూశాను. బాగానే ఉంది. అంచు ఇంకొంచెం రుద్దాల్సింది.

తాత రంపె ఇప్పుడు మా అన్న కొడుకు దగ్గరుంది. సూర్యాపేటలో మోటారు సైకిళ్లకు సీటు కవర్లు కుట్టే షాపు వాడిది, స్పాంజి కోయడానికి ఇంతకన్నా మంచిది బజార్లో దొరకదంటాడు. అన్ని కులాలవాళ్లూ వచ్చి స్టూలు మీద కూర్చుని, వాడితోపాటే టీ తాగి, సీటు అయ్యేదాకా కబుర్లు చెబుతారు. మొన్న పోయినప్పుడు నా కళ్లద్దాలకు ఒక ఒర కుట్టరా, అసలు తోలుతో, చేత్తో అన్నాను. వాడు మిషను ఆపి నన్ను పైకీ కిందికీ చూసి అన్నాడు: "కుడ్త గని చిన్నాయినా, తోలు నువ్వే తెచ్చుకో. ఆముదం మాత్రం నా షాపుల పుయ్యను, ఆ వాసనకు గిరాకీ పోతది. అయినా రెక్సిన్‌తోని కుడ్తే ఏమైతది, నూటయాభైల అయిపాయె."